ఫొటోకి అందని గెలాక్సీ: రేడియో టెలిస్కోపు చూసేది ఏమిటి?

క్లుప్తంగా: సర్పిల గెలాక్సీ ఫొటోలో కనిపించేవి ప్రధానంగా నక్షత్రాలు. రేడియో పరిశీలనలో దొరికేవి చల్లని హైడ్రోజన్ వాయువు, ఆ వాయువు వేగం, అయస్కాంత క్షేత్రాల జాడ. అందుకే ఒకే గెలాక్సీ రేడియోలో వేరే ఆకారంలో, చాలాసార్లు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. డార్క్ మ్యాటర్ (కంటికి కనిపించని పదార్థం) వాదనకు గట్టి ఆధారం కూడా ఈ వేగాల కొలతల్లోనే ఉంది.

పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూపించే సప్తర్షి మండలం వైపు ఒక మాదిరి టెలిస్కోపు తిప్పితే సర్పిల గెలాక్సీలు వరసగా దొరుకుతాయి. మరీచికి దగ్గర్లో ఎం 51, వసిష్ఠుడికీ మరీచికీ పైన ఎం 101, క్రతువు దాటి ఇంకాస్త ఉత్తరాన ఎం 81. ఇంటర్నెట్‌లో వీటి ఫొటోలకు కొదవలేదు. నడుమ పసుపుపచ్చని ముద్ద, చుట్టూ నీలి చేతులు, వాటి మీద ధూళి చారలు.

చిక్కల్లా అదే ఎం 81 పేరుతో ఇంకో బొమ్మ ఎదురైనప్పుడు వస్తుంది. అందులో నడుమ ముద్ద ఉండాల్సిన చోట దాదాపు ఖాళీ. చేతులు ఎక్కడికో సాగిపోయి పక్క గెలాక్సీలను తీగల్లా అల్లుకుని ఉంటాయి. కింద ‘రేడియో చిత్రం’ అని రాసి ఉంటుంది. రెండూ ఒకే గెలాక్సీవంటే నమ్మబుద్ధి కాదు. రేడియో అంటే శబ్దం కదా, శబ్దాన్ని బొమ్మగా ఎలా మారుస్తారన్నది చాలామందికి వచ్చే అనుమానం. ఆ రంగులు కల్పితమే కదా అన్నది ఇంకొకటి.

మొదటి అనుమానం తీరడం సులువు. ఆకాశవాణి టవర్ నుంచి బయలుదేరేది శబ్దం కాదు, కాంతి లాంటి విద్యుదయస్కాంత తరంగమే. దాన్ని పాటగా మార్చేది మన ఇంట్లోని రేడియో సెట్టు. ఇక రంగుల సంగతి. రేడియో తరంగానికి కంటికి తెలిసిన రంగు ఏదీ లేదు కాబట్టి శాస్త్రవేత్తలే ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంపిక వాళ్ళదే అయినా దాని వెనక కొలత ఉంటుంది. వేగాల పటంలో ఎరుపు అంటే మన నుంచి దూరంగా పోతున్న వాయువు, నీలం అంటే మన వైపు వస్తున్న వాయువు. బొమ్మ అందం కోసం వేసిన రంగు కాదది.

జానెడు తరంగం

సర్పిల గెలాక్సీల రేడియో పరిశీలనలో సగానికి పైగా కథ ఒకే ఒక్క సంకేతం చుట్టూ తిరుగుతుంది. హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను. రెండూ బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. రెంటి స్పిన్ ఒకే దిక్కున ఉన్నప్పుడు పరమాణువులో శక్తి రవ్వంత ఎక్కువ, ఎదురెదురుగా ఉన్నప్పుడు రవ్వంత తక్కువ. ఎలక్ట్రాను తిరగబడితే ఆ తేడా 1420.4 మెగాహెర్ట్జ్ రేడియో తరంగంగా బయటికి వస్తుంది. దాని పొడవు 21 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు జానెడు. మనం వినే ఎఫ్‌ఎం తరంగం పొడవు 3 మీటర్ల దాకా ఉంటుంది.

వదిలేస్తే ఒక పరమాణువు ఇలా తనంతట తాను తిరగబడటానికి సగటున కోటీ పది లక్షల ఏళ్ళు పడుతుంది. ఇంత అరుదైన సంఘటనను ఎలా పట్టుకుంటారు? లెక్క పరమాణువుల సంఖ్యలో ఉంది. పెద్ద సర్పిల గెలాక్సీలో ఇలాంటి హైడ్రోజన్ బరువు సూర్యుడి బరువుకు వందల కోట్ల రెట్లు ఉంటుంది. అన్ని పరమాణువుల్లో ఏ క్షణంలోనైనా తిరగబడుతున్నవి లెక్కకు మించి ఉంటాయి. పైగా నక్షత్ర కాంతిని అడ్డుకునే ధూళి రేణువులు మైక్రాన్ పరిమాణంలోనివి. జానెడు తరంగానికి అవి ఉన్నా లేనట్టే.

ఈ సంకేతం ఉంటుందని ముందే ఊహించింది డచ్ విద్యార్థి హెండ్రిక్ వాన్ డె హుల్స్ట్. 1944లో, నెదర్లాండ్స్ ఇంకా జర్మన్ ఆక్రమణలో ఉండగానే, ఖగోళ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్ ప్రోత్సాహంతో లెక్క వేశారు. 1951 మార్చి 25న హార్వర్డ్‌లో హెరాల్డ్ ఈవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ దాన్ని నిజంగానే పట్టుకున్నారు. వాళ్ళ యాంటెన్నా ల్యాబ్ కిటికీలోంచి బయటికి పెట్టిన ఒక చెక్క కొమ్ముబూర, లోపల రాగి రేకు. వాన పడితే నీళ్ళు నేరుగా గదిలోకి వచ్చేవి. దారిన పోయే విద్యార్థులు అందులోకి మంచు ముద్దలు విసిరేవారు కూడా. వారాల వ్యవధిలోనే నెదర్లాండ్స్ బృందం, ఆ తర్వాత ఆస్ట్రేలియా బృందం అదే సంకేతాన్ని ధ్రువీకరించాయి. 1958 నాటికి ఈ రెండు దేశాల పరిశీలనలు కలిపి పాలపుంత చేతుల పటం తయారైంది. పాలపుంతను మనం బయటినుంచి చూడలేం. లోపల కూర్చుని ధూళి గోడల అవతలికి చూడగలగడం అప్పటికి కొత్త.

పటం కంటే వేగమే ముఖ్యం

21 సెంటీమీటర్ల సంకేతానికి (దీన్నే గీత అంటారు) ఇంత విలువ రావడానికి అసలు కారణం దాని ఫ్రీక్వెన్సీ కచ్చితంగా తెలియడమే. స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత, దగ్గరికి వస్తున్నప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. దీన్ని డాప్లర్ ప్రభావం అంటారు. హైడ్రోజన్ ‘కూత’ కూడా అంతే. వాయువు సెకనుకు 200 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరమవుతుంటే 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర రావాల్సిన గీత సుమారు 0.95 మెగాహెర్ట్జ్ కిందికి జరుగుతుంది. ఈ తేడా రేడియో రిసీవర్‌కు చాలా పెద్దది, సులువుగా కొలవగలదు.

అందుకే రేడియో పరిశీలన ఫలితం ఒక్క బొమ్మ కాదు. పేకముక్కల కట్ట లాంటిది. ఒక్కో ముక్క మీద ఒక్కో వేగంతో కదులుతున్న వాయువు పటం ఉంటుంది. కట్టనంతా కలిపి చూస్తే వాయువు ఎక్కడ ఎంత ఉందో తెలుస్తుంది. ముక్కలు విడదీసి చూస్తే గెలాక్సీ ఎలా తిరుగుతోందో తెలుస్తుంది. ఫొటోలో ఈ రెండో సమాచారం ఉండదు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. తరంగం ఎంత పొడుగైతే బొమ్మ అంత మసక. 45 మీటర్ల వెడల్పున్న రేడియో పళ్ళెం (డిష్ యాంటెన్నా) కూడా 21 సెంటీమీటర్ల దగ్గర ఆకాశంలో చంద్రబింబం వెడల్పులో సగానికి మించిన చోటును ఒకే చుక్కగా చూస్తుంది. చాలా గెలాక్సీలు మొత్తంగా అంతకంటే చిన్నవి. దీనికి విరుగుడు చాలా పళ్ళేలను దూరదూరంగా పెట్టి వాటి సంకేతాలను కలపడం. ఆ పద్ధతిని తీర్చిదిద్దిన మార్టిన్ రైల్‌కు 1974లో నోబెల్ వచ్చింది. నెదర్లాండ్స్‌లో 14 పళ్ళేల వెస్టర్‌బోర్క్, అమెరికాలో 27 పళ్ళేల వీఎల్‌ఏ, పుణె దగ్గర ఖోడద్‌లో 30 పళ్ళేల జీఎంఆర్‌టీ ఆ కోవలోవే. జీఎంఆర్‌టీ పళ్ళేలు 25 కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. అంత దూరం వల్ల రెండు ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వివరం దాకా దొరుకుతుంది.

అయితే పళ్ళేలు దూరమయ్యేకొద్దీ సన్నని వివరం తెలుస్తుంది గానీ పలచగా, విశాలంగా పరుచుకున్న వాయువు చేజారిపోతుంది. దానికి మళ్ళీ ఒక్కటే పెద్ద పళ్ళెం కావాలి. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు 2022లో స్టీఫెన్ క్వింటెట్ అనే గెలాక్సీల గుంపు చుట్టూ 20 లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న హైడ్రోజన్‌ను పట్టుకుంది ఇలాగే.

వడిసెల తాడు ఎవరు పట్టుకున్నారు?

వేగాలు తెలిస్తే బరువు తెలుస్తుంది. చేలో పిట్టలను తోలే వడిసెల గుర్తుంటే విషయం సులువు. రాయి ఎంత వేగంగా తిరిగితే తాడు అంత గట్టిగా లాగి పట్టాలి. గెలాక్సీలో ఆ తాడు గురుత్వాకర్షణ. వాయువు ఎంత వేగంగా తిరుగుతోందో కొలిస్తే, దాన్ని ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి లోపల ఎంత పదార్థం ఉండాలో లెక్కకట్టవచ్చు.

సౌర కుటుంబంలో బరువంతా నడుమ సూర్యుడిలోనే ఉంది. అందుకని బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, దూరాన ఉన్న నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లతో నెమ్మదిగా కదులుతుంది. గెలాక్సీలో కాంతి నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. బరువు కూడా కాంతి వెంటే ఉంటే, అంచు దాటాక వేగం పడిపోవాలి.

పడిపోలేదు. సప్తర్షి మండలంలోనే ఉన్న ఎన్‌జీసీ 3198 ఇందుకు పాఠ్యపుస్తకాలకెక్కిన ఉదాహరణ. నక్షత్రాల కాంతి దాదాపు ఆగిపోయిన చోటు దాటి చాలా దూరం వెళ్ళినా, అక్కడి హైడ్రోజన్ సెకనుకు సుమారు 150 కిలోమీటర్ల వేగంతోనే తిరుగుతోంది. 1985లో అచ్చయిన విశ్లేషణలో ఈ వేగాల గ్రాఫ్ బల్లపరుపుగా సాగింది. కనిపించే నక్షత్రాలు, వాయువు కలిపినా ఆ వేగానికి సరిపడా బరువు రాదు.

డార్క్ మ్యాటర్ గురించి రాసే చాలా కథనాలు ఈ ఘనతను వెరా రూబిన్ ఒక్కరికే కట్టబెడతాయి. ఆమె పాత్ర పెద్దదే. 1970లో కెంట్ ఫోర్డ్‌తో కలిసి ఆండ్రోమెడా మీద, 1980లో మరో 21 సర్పిల గెలాక్సీల మీద ఆమె చేసిన కొలతలు శాస్త్రవేత్తల దృష్టిని మళ్ళించాయి. కానీ అవి మామూలు కాంతిలో చేసినవి, కాబట్టి వెలుగు ఉన్నంత మేరకే ఆగాయి. అంత లోపలి వేగాలను కనిపించే నక్షత్రాల బరువుతోనే వివరించవచ్చని వాదించడానికి అప్పటికి చోటు మిగిలింది. ఆ చోటును మూసింది రేడియో. 1975లో రాబర్ట్స్, వైట్‌హర్స్ట్ ఆండ్రోమెడా వెలుగు అంచు దాటిన వాయువును కొలిచారు. 1978లో అల్బర్ట్ బోస్మా వెస్టర్‌బోర్క్ పరిశీలనలతో రాసిన పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసం చాలా గెలాక్సీల్లో ఇదే తీరును చూపించింది.

కొలిచే పద్ధతిలోనే తప్పు ఉండొచ్చు కదా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా అదే ఆకాశపు మూలలో, ఎం 106 అనే సర్పిల గెలాక్సీలో ఉంది. దాని నడిబొడ్డున నీటి ఆవిరి మేఘాలు 22 గిగాహెర్ట్జ్ దగ్గర సహజ మేజర్లుగా, అంటే రేడియో లేజర్లుగా మెరుస్తుంటాయి. 1995లో వీటి వేగాలు కొలిస్తే సెకనుకు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉన్నాయి. నడుమ నుంచి దూరం పెరిగేకొద్దీ వేగం సరిగ్గా గ్రహాల లెక్క ప్రకారమే తగ్గింది. ఇంత చిన్న చోట అంత బరువు, దాదాపు 4 కోట్ల సూర్యుళ్ళంత, ఇరికి ఉందంటే అది కృష్ణబిలమే. బరువు నడుమ ఉన్న చోట రేడియో కొలత వేగం తగ్గడాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. డాప్లర్ లెక్కలో లోపముంటే ఇక్కడ బయటపడాలి. కాబట్టి గెలాక్సీ అంచుల్లో వేగం తగ్గకపోవడం పరికరం తప్పు అనడం కష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రేడియో టెలిస్కోపు డార్క్ మ్యాటర్‌ను ‘చూడలేదు’. అది కొలిచింది వేగాన్ని. కనిపించని పదార్థం ఉందన్నది ఆ వేగం నుంచి చేసిన అనుమితి. గురుత్వాకర్షణ సూత్రమే అంచుల్లో మారుతుందేమోనని 1983లో మోర్డెహాయ్ మిల్‌గ్రోమ్ ప్రతిపాదించిన మాండ్ సిద్ధాంతం విడి గెలాక్సీల గ్రాఫ్‌లను బాగానే సరిపెడుతుంది. గెలాక్సీల గుంపుల దగ్గరికి వచ్చేసరికి దానికి లెక్క కుదరడం లేదు. ఎక్కువమంది శాస్త్రవేత్తలు డార్క్ మ్యాటర్ వైపే ఉండటానికి అదొక కారణం.

వాయువు మరచిపోని పాత గొడవలు

ఎం 81 దగ్గరికి మళ్ళీ వద్దాం. సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీ ఫొటోలో హుందాగా, ఒంటరిగా ఉంటుంది. పక్కన పొగలు కక్కుతున్నట్టుండే ఎం 82, ఇంకో పక్క చిన్న ఎన్‌జీసీ 3077. మూడింటికీ మధ్య చీకటే. 1994లో వీఎల్‌ఏతో తీసిన హైడ్రోజన్ పటంలో ఆ చీకటంతా వాయు ప్రవాహాలతో నిండి ఉంది. మూడు గెలాక్సీలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. కొన్ని పదుల కోట్ల ఏళ్ళ కిందట ఇవి దగ్గరగా రాసుకుపోయి ఉంటాయని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఎం 82లో నక్షత్రాలు విపరీతమైన జోరుతో పుట్టడానికి కారణం కూడా ఈ రాపిడేనని భావిస్తున్నారు.

నక్షత్రాల్లో పెద్దగా కనిపించని గొడవ వాయువులో ఎందుకు కనిపిస్తుంది? గెలాక్సీ అంచుల్లో ఉన్న హైడ్రోజన్‌ను పట్టి ఉంచే ఆకర్షణ బలహీనం. పొరుగు గెలాక్సీ లాగితే ముందు ఊడి వచ్చేది అదే. అంచుల్లో ఒక చుట్టు తిరగడానికే పదుల కోట్ల ఏళ్ళు పడుతుంది కాబట్టి, చెదిరిన వాయువు మళ్ళీ సర్దుకోవడం కూడా నెమ్మదే. రేడియో బొమ్మలో గెలాక్సీ పెద్దగా, వంకరగా, తోకలతో కనిపించడానికి కారణం ఇది.

మరి నడుమ ఖాళీ ఎందుకు? చాలా సర్పిల గెలాక్సీల్లో అక్కడ వాయువు లేక కాదు. సర్పిల గెలాక్సీల లోపలి భాగంలో వాయువు చిక్కబడి పరమాణువులు జంటలుగా అణువులవుతాయి. హైడ్రోజన్ అణువు 21 సెంటీమీటర్ల గీతను ఇవ్వదు. చలిలో అసలు ఏ సంకేతమూ ఇవ్వదనే అనుకోవచ్చు. అందుకని దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను 2.6 మిల్లీమీటర్ల దగ్గర వెతుకుతారు. చిలీ ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా టెలిస్కోపుతో సుమారు 90 దగ్గరి గెలాక్సీల్లో ఈ మేఘాలను ఒక్కొక్కటిగా గుర్తించారు. ఫొటోలో నీలి చేతుల పక్కన కనిపించే నల్ల చారలు దాదాపుగా ఇవే.

చేతుల వెంట అయస్కాంతం

గెలాక్సీల నుంచి వచ్చే రేడియో అంతా హైడ్రోజన్‌దే కాదు. 1950లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ వేధశాలలో హాన్‌బరీ బ్రౌన్, సిరిల్ హజార్డ్ ఆండ్రోమెడా నుంచి పట్టుకున్న సంకేతం 158 మెగాహెర్ట్జ్‌ది. నక్షత్రాలు పేలినప్పుడు దాదాపు కాంతి వేగంతో ఎగిరిన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో చుట్లు తిరుగుతూ ఇచ్చే రేడియో ఇది. పేరు సింక్రోట్రాన్ వికిరణం. ఇది ఎక్కువైన చోట ఎలక్ట్రాన్లయినా ఎక్కువుండాలి, అయస్కాంత క్షేత్రమైనా బలంగా ఉండాలి.

ఎం 51ను వెస్టర్‌బోర్క్‌తో చూసి 1972లో ప్రకటించిన బొమ్మలో ఈ వెలుగు ధూళి చారల వెంట, చేతుల లోపలి అంచున గీతలా వచ్చింది. సర్పిల చేతులు ఎప్పుడూ అవే నక్షత్రాలతో కట్టినవి కావని, గెలాక్సీలో తిరిగే సాంద్రతా తరంగాలని 1964లో లిన్, షూ చెప్పిన సిద్ధాంతానికి ఇది బలం చేకూర్చింది. నక్షత్రాలు, వాయువు ట్రాఫిక్ జామ్‌లోకి వచ్చి పోయే బళ్ళలా ఆ తరంగంలోకి వచ్చి పోతుంటాయి. జామ్ మొదలయ్యే చోట వాయువుతో పాటు అయస్కాంత క్షేత్రమూ నొక్కుకుపోతుంది. ఎం 51 చేతుల్లో క్షేత్రం భూమి మీదున్న దానికంటే సుమారు 20 వేల రెట్లు బలహీనం. అయినా అంత పలచని వాయువు మధ్య అది లెక్కలోకి తీసుకోవాల్సిన శక్తే.

ఖోడద్ నుంచి 800 కోట్ల ఏళ్ళ వెనక్కి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దగ్గరి గెలాక్సీలు. దూరం పోయేకొద్దీ హైడ్రోజన్ గీత పలచబడుతుంది, విశ్వ విస్తరణ వల్ల సాగుతుంది కూడా. కాంతి బయలుదేరి దాదాపు 800 కోట్ల ఏళ్ళయిన గెలాక్సీల నుంచి అది 21 కాదు, 42 సెంటీమీటర్లుగా, 710 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. గోవింద్ స్వరూప్ రూపకల్పన చేసిన జీఎంఆర్‌టీ మొదటినుంచీ తక్కువ ఫ్రీక్వెన్సీల కోసం కట్టినదే కావడంతో ఇక్కడ దానిది పైచేయి. అయినా ఒక్కో గెలాక్సీ విడిగా కనిపించదు. 2020లో పుణె శాస్త్రవేత్తలు 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీశారు. అప్పటి గెలాక్సీల్లో హైడ్రోజన్ బరువు నక్షత్రాల బరువుకు సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంది. నక్షత్రాలు పుడుతున్న జోరుకు అది 100 నుంచి 200 కోట్ల ఏళ్ళకు మించి సరిపోదు. బయటినుంచి కొత్త వాయువు తగినంత రాకపోవడమే ఆ తర్వాత విశ్వంలో నక్షత్రాల పుట్టుక మందగించడానికి కారణం కావచ్చని వాళ్ళ విశ్లేషణ.

పేర్చిన సగటు నుంచి విడి గెలాక్సీ బొమ్మకు పోవాలంటే ఇంకా పెద్ద పరికరం కావాలి. దక్షిణాఫ్రికాలో 197 పళ్ళేలతో, ఆస్ట్రేలియాలో లక్షకు పైగా యాంటెన్నాలతో కడుతున్న ఎస్‌కేఏ అనే రేడియో టెలిస్కోపు ఆ ఆశతోనే. ఇందులో భారత్ వాటాకు 1,250 కోట్ల రూపాయలు ఆమోదించినట్టు 2024 జనవరిలో కేంద్రం ప్రకటించింది.

పరికరాలు పెద్దవవుతుంటే ఆకాశం మాత్రం రొదగా మారుతోంది. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది. దగ్గరి గెలాక్సీల వరకు అది కాపలా కాస్తుంది. సాగిపోయిన గీతకు అలాంటి రక్షణ లేదు. పుణె–నాసిక్ మధ్య తలపెట్టిన వేగవంతమైన రైలు మార్గం జీఎంఆర్‌టీకి దగ్గరగా పోతోందనే అభ్యంతరంతో దారి మార్చాలని నిర్ణయించారు. ఫోన్ల సంగతి అంత సులువు కాదు. 5జీకి కేటాయించిన 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఫోను నుంచి టవర్‌కు సంకేతం వెళ్ళేది 703–748 మెగాహెర్ట్జ్ మధ్య. 800 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చిన హైడ్రోజన్ గీత వచ్చి చేరేదీ సరిగ్గా అక్కడికే.